అర్జీలో జరిగిపోయిన కాలం

(బంగారుపాళ్యంలో మన విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, బకాయిల గురించి మాట్లాడే పెద్దలు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నాకు అప్పగించిన విషయం చిన్నది. మనం రాసే ఇంగ్లీషు ఉత్తరాల్లో, అర్జీల్లో జరిగిపోయిన సంగతిని ఎట్లా చెప్పాలి అన్నది. ఈ వయస్సులో మళ్ళీ వ్యాకరణం క్లాసా అని బెదరకండి. పరీక్ష పెట్టను, బెంచీ ఎక్కించను.

నేను ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పాను. రిటైరయిన తరువాత ఆ పని మరొక విధంగా వచ్చిపడింది. ట్రెజరీకి పోవలసిన కాగితమైనా, బ్యాంకుకు ఇవ్వవలసిన ఉత్తరమైనా, ఏజీ ఆఫీసుకు పంపే అర్జీ అయినా "ఒకసారి చూడండి సార్" అంటూ మన సభ్యులు మా ఇంటికి తెస్తారు. తెలుగులో రాసే హక్కు మనకు లేక కాదు. 1966లోనే మన రాష్ట్రంలో అధికార భాషా చట్టం వచ్చింది. తెలుగు చెల్లే చోట తెలుగులోనే రాయండి, అది మన హక్కు. కాని బ్యాంకుల పై ఆఫీసులు, బీమా కంపెనీలు, పెద్ద ఆసుపత్రులు, ఇతర రాష్ట్రాల్లోని కార్యాలయాలు ఉన్నంతకాలం ఇంగ్లీషు కాగితం తప్పదు.

ఇన్ని కాగితాలు చూసిన మీదట నాకు తెలిసింది ఒకటి. స్పెల్లింగు తప్పినంత మాత్రాన ఏ గుమాస్తా కాగితం తిప్పి పంపడు. 'ఎ', 'ది' లాంటివి జారిపోయినా ఎవరూ పట్టించుకోరు. క్రియలో కాలం తప్పితే మాత్రం అర్థమే మారిపోతుంది. అర్జీ అంటేనే జరిగినదాన్ని చెప్పుకోవడం గదా! ఎప్పుడు చేరాను, ఎప్పుడు దిగాను, ఏది ఇచ్చాను, ఏది అందలేదు. వాటిలో జరిగి ముగిసిపోయింది ఏది, ఇంకా మిగిలి ఉన్నది ఏది అన్నదే ఆఫీసుకు కావలసిన సంగతి.

ఒక ఉదాహరణ మనవి చేస్తాను. పేరు, ఊరు, ఆఫీసు అడగకండి. ఒకామె భర్త పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి, అక్కడే కాలం చేశారు. కర్మకాండలన్నీ అయినాక ఆమె బిల్లులు జతచేసి వైద్య ఖర్చుల కోసం దరఖాస్తు పెట్టింది. ఉత్తరం పక్కింటి అబ్బాయి రాసిచ్చాడు, డిగ్రీ చదివినవాడే. అందులో "మై హజ్బెండ్ హాజ్ బీన్ ఇన్ హాస్పిటల్ ఫర్ ఎలెవన్ డేస్" అని ఉంది. ఇంగ్లీషులో దాని అర్థం, పదకొండు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు అని. నెల దాటాక కాగితం తిరిగి వచ్చింది. మూలన ఎర్ర సిరాతో 'డిశ్చార్జి అయిన తరువాత సమర్పించవలెను' అని రాసి ఉంది. ఆమె ఆ కాగితం నా ముందు పెట్టి, "ఆయన ఇంక యాడనుంచి డిశ్చార్జి అయ్యేది సార్?" అని అడిగింది.

ఆ గుమాస్తాను నేను తప్పు పట్టను. వాక్యంలో ఉన్నదాన్నే ఆయన చదివాడు. "వాజ్ ఇన్ హాస్పిటల్ ఫర్ ఎలెవన్ డేస్ అండ్ డైడ్ దేర్" అని రాసి తేదీ వేసి ఉంటే, ఆ కాగితం ఆమె చేతికి తిరిగి వచ్చేది కాదు. ఆమె ఆ మాట వినవలసి వచ్చేదీ కాదు. అందుకే ఇది చిన్న విషయమైనా మన విషయం అంటున్నాను.

ఈ చిక్కు ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకాల తెలుగులో 'వచ్చాడు' అన్నది ఒక్కటే. "నిన్న వచ్చాడు" అన్నా వచ్చాడే. "ఇప్పుడే వచ్చాడు, లోపల కూర్చున్నాడు" అన్నా వచ్చాడే. "నేను పోయేసరికే వచ్చాడు" అన్నా వచ్చాడే. ఇంగ్లీషులో ఈ మూడింటికి మూడు రూపాలు: కేమ్, హాజ్ కమ్, హాడ్ కమ్. సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్, పాస్ట్ పర్ఫెక్ట్ అని రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ముందు పెట్టుకుని మనమంతా బట్టీ పట్టినవే. పేర్లు గుర్తున్నాయి, అవి చేసే పని మరచిపోయాము.

కాని పుస్తకాల తెలుగులో కనబడని ఈ తేడా మన చిత్తూరు మాటలో ఉంది. "మామ నిన్న వచ్చినాడు" అంటాం. వచ్చి పోయి కూడా ఉండవచ్చు. "మామ వచ్చుండాడు" అంటే వచ్చి ఇంట్లోనే ఉన్నాడు, అన్నానికి ఇంకొక గిద్దెడు బియ్యం ఎక్కువ వేయమని అర్థం. "నేను పోయేసరికే బస్సు పొయ్యుండె" అంటే జరిగినవి రెండు, వాటిలో ముందు జరిగింది బస్సు పోవడం. వచ్చినాడు అంటే కేమ్. వచ్చుండాడు అంటే హాజ్ కమ్. పొయ్యుండె అంటే హాడ్ గాన్. బడి మెట్లు ఎక్కని మన అవ్వలు కూడా ఈ మూడింటినీ ఎక్కడిదక్కడ తప్పు లేకుండా వాడేవారు. 1820లో మన పక్క కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్ దొర తెలుగు క్రియలు నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణమే అచ్చువేయించాడు. ఆయన తన భాషలోంచి మన భాషలోకి నడిచాడు. మనం మన ఇంటి మాట పట్టుకుని ఆ భాషలోకి నడవలేమా?

కాబట్టి ఇంగ్లీషులో ఒక వాక్యం రాసేముందు దాన్ని ఒకసారి మన మాటలో మనస్సులో అనుకోండి. వచ్చినాడా, వచ్చుండాడా, వచ్చుండెనా? సగం పని అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి మూడు సూత్రాలు చెబుతాను.

మొదటి సూత్రం: తేదీ ఉన్న చోట 'హావ్' ఉండదు. "ఐ హావ్ రిటైర్డ్ ఆన్ 30-6-2008" అని నూటికి తొంభైమంది రాస్తారు. "ఐ రిటైర్డ్ ఆన్ 30-6-2008" అనాలి. తేదీ వేయగానే ఆ పని ఆ రోజుకు ముడిపడిపోయింది. ఎస్టర్డే, లాస్ట్ మంత్, ఇన్ 1985, త్రీ ఇయర్స్ ఎగో, ఇవన్నీ తేదీ కిందికే వస్తాయి. భర్త మరణం గురించి రాసేటప్పుడు కూడా "హాజ్ ఎక్స్‌పైర్డ్ ఆన్" అని రాయనక్కర లేదు. "డైడ్ ఆన్" అని తేదీ వేస్తే స్పష్టంగా ఉంటుంది. అందులో అమర్యాద ఏమీ లేదు.

రెండవ సూత్రం: 'హావ్' అంటే ఇవాళ్టికి నిలిచి ఉన్న సంగతి. బకాయిలు నాలుగు వాయిదాల్లో రావలసి ఉందనుకోండి. "ఐ హావ్ రిసీవ్డ్ టూ ఇన్‌స్టాల్‌మెంట్స్" అంటే ఇప్పటికి రెండు వచ్చాయి, మిగతావి రావాలి అన్న ధ్వని ఉంటుంది. "ఐ రిసీవ్డ్ టూ ఇన్‌స్టాల్‌మెంట్స్" అని ఊరుకుంటే రెండు వచ్చాయి, ఆ కథ ముగిసింది అన్నట్టు వినబడుతుంది. మన మార్కెట్ యార్డు భాషలో చెప్పాలంటే, "తోతాపురి ధర హాజ్ ఫాలెన్" అంటే పడిన ధర ఇంకా పడే ఉంది, రైతు ఈ రోజుకీ దిగులుగానే ఉన్నాడు. "ఫెల్ ఇన్ జూన్" అంటే జూన్‌లో పడింది, తరువాత లేచిందో లేదో ఆ వాక్యం చెప్పదు. "ఇంకా అందలేదు" అని చెప్పవలసినప్పుడు "ఐ హావ్ నాట్ రిసీవ్డ్" అనండి. ఫలానా నెలది మాత్రమే అందలేదు అనవలసినప్పుడు "ఐ డిడ్ నాట్ రిసీవ్ ద పెన్షన్ ఫర్ మార్చ్" అనండి.

ఇందులోనే ఇంకొక సున్నితమైన సంగతి ఉంది. మనిషి చేసిన పనులను చెప్పేటప్పుడు ఈ 'హావ్' సాధారణంగా బతికి ఉన్నవారికే చెల్లుతుంది. రవీంద్రనాథ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చి, దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి, జనగణమన పాటను ఇంగ్లీషులోకి తెచ్చారు. మనకందరికీ గర్వకారణమైన విషయం. దాన్ని "ఠాగూర్ హాజ్ విజిటెడ్ మదనపల్లె" అని రాస్తే ఆయన ఇంకా ఉన్నట్టు అవుతుంది. ఆయన 1941లోనే వెళ్ళిపోయారు. "ఠాగూర్ విజిటెడ్ మదనపల్లె ఇన్ 1919" అనాలి. పాట మాత్రం ఇప్పటికీ ఉంది కాబట్టి "ద సాంగ్ హాజ్ లివ్డ్ ఆన్" అనవచ్చు. కుటుంబ పెన్షను దరఖాస్తులో "మై హజ్బెండ్ హాజ్ సర్వ్‌డ్ ఫర్ థర్టీ ఇయర్స్" అని రాసిన అక్కచెల్లెళ్ళు ఉన్నారు. "సర్వ్‌డ్" చాలు. రాయడానికి మనస్సు ఒప్పకపోవచ్చు, నాకు తెలుసు. కాని కాగితం మీద ఆ ఒక్క మాట సరిగా పడితే మీ పని ఆగదు.

మూడవ సూత్రం: 'హాడ్' ఒంటరిగా రాదు. జరిగిన సంగతులు రెండు ఉండి, వాటిలో ముందుది చెప్పాలంటేనే అది కావాలి. మనవాళ్ళ అర్జీల నిండా హాడ్‌లే. "ఐ హాడ్ సబ్మిటెడ్", "ఐ హాడ్ వర్క్‌డ్", "ఐ హాడ్ కమ్ టు యువర్ ఆఫీస్". భారతీయులు రాసే ఇంగ్లీషును పరిశీలించిన భాషావేత్తలు ఈ అదనపు హాడ్‌ను ప్రత్యేకంగా గుర్తించారు. ఎందుకు అలవాటయిందో నా ఊహ చెబుతాను. ఉత్త "ఐ సబ్మిటెడ్" అంటే మరీ మొరటుగా ఉందని, ఒక హాడ్ చేరిస్తే అర్జీకి వినయం వచ్చిందని మనకు అనిపిస్తుంది. వినయం హాడ్‌లో లేదు. "ఐ హాడ్ సబ్మిటెడ్" అని ఆపేస్తే చదివేవాడు "తరువాత ఏమయింది?" అని రెండో సంగతి కోసం చూస్తాడు.

అదే హాడ్ సరైన చోట పడితే మనకు పెద్ద బలం. "వెన్ ద పేమెంట్ వాజ్ స్టాప్డ్, ఐ హాడ్ ఆల్రెడీ సబ్మిటెడ్ మై లైఫ్ సర్టిఫికెట్." పెన్షను నిలిపినది తరువాత, నేను ఇచ్చింది ముందు. తప్పు ఎవరిదో ఒక్క వాక్యం చెప్పేసింది, మనం గొంతు పెంచనక్కర లేదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి ఆ పద్ధతిలో వేలిముద్ర వేసినవారికి ఒక గుర్తింపు సంఖ్య వస్తోంది. ఆ సంఖ్య, తేదీ రాసి పెట్టుకుని అర్జీలో వేయండి. పై వాక్యానికి అదే సాక్ష్యం.

సూత్రాలు అయిపోయాయి. ఇక తరచు దొర్లే పొరపాట్లు రెండు మూడు.

"ఐ డిడ్ నాట్ రిసీవ్డ్" అని రాస్తారు. ఎందుకు తప్పో మన తెలుగే చెబుతుంది. 'రాలేదు' అంటాం గాని 'వచ్చినాలేదు' అనం. కాలం 'లేదు'లో చేరిపోయింది కాబట్టి 'రా' ఉత్తదిగా మిగిలింది. ఇంగ్లీషులో కూడా అంతే. కాలాన్ని 'డిడ్' మోస్తోంది కాబట్టి 'రిసీవ్' ఉత్తదిగా ఉండాలి. రాలేదు అన్నంత సహజంగా "డిడ్ నాట్ కమ్". ప్రశ్నలో కూడా ఇదే, "డిడ్ యూ రిసీవ్?"

రెండవది, చివరి 'ఎడ్' మరచిపోవడం. మనం రోజూ "రిటైర్ అయ్యాను", "శాంక్షన్ అయింది", "ట్రాన్స్‌ఫర్ చేశారు" అంటాం. ఇంగ్లీషు మాటకు ఏమీ తగిలించం, కాలాన్ని మన అయింది, చేశారు మోస్తాయి. అలవాటు కొద్దీ ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా "మై పెన్షన్ వాజ్ శాంక్షన్" అని ఆగిపోతాం. అక్కడ మోసేవాడు లేడు. "వాజ్ శాంక్షన్డ్" అని ఎడ్ తగిలించవలసిందే.

అన్నింటికీ ఎడ్ తగిలిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. గో అన్నదానికి వెంట్, టేక్ అన్నదానికి టుక్. ఈ దారి తప్పిన క్రియలు ఎందుకున్నాయని పిల్లలు అడిగేవారు. 2007లో హార్వర్డ్ పరిశోధకులు ఈ లెక్క తీశారు. పాత ఇంగ్లీషులోని ఇటువంటి 177 క్రియలను తీసుకుని చూస్తే, నేటికి 98 మాత్రమే అలా మిగిలాయి. మిగతావి ఎడ్ వరుసలో చేరిపోయాయి. హెల్ప్ అన్నదానికి ఒకప్పుడు హోల్ప్ అనేవారు, ఇప్పుడు హెల్ప్‌డ్. ఎక్కువగా వాడే మాట పాత రూపంలోనే నిలిచింది, అరుదుగా వాడేది మారిపోయింది. మన తెలుగులో కూడా రా–వచ్చినాడు, తే–తెచ్చినాడు, ఇవ్వు–ఇచ్చినాడు, అన్నీ రోజూ నోట్లో నలిగే మాటలే గదా! అర్జీలకు అన్నీ అక్కర లేదు. వాజ్, హాడ్, డిడ్, కేమ్, వెంట్, గేవ్, టుక్, గాట్, సెంట్, పెయిడ్, టోల్డ్, సెడ్, రోట్, మెట్, బ్రాట్, మేడ్, కెప్ట్, లెఫ్ట్, లాస్ట్, ఫెల్. ఈ ఇరవై ఒక కాగితం మీద రాసి పెన్షను పుస్తకంలో పెట్టుకోండి.

మూడవది 'యూజ్డ్ టు'. "ప్రతి నెలా బ్యాంకుకు వెళ్తుంటాను" అనడానికి "ఐ యూజ్డ్ టు గో టు ద బ్యాంక్" అని రాస్తారు. అది "వెళ్ళేవాడిని, ఇప్పుడు మానేశాను" అని అర్థం. ఇప్పటికీ వెళ్తుంటే ఉత్త "ఐ గో ఎవ్రీ మంత్" చాలు. "మై సన్ యూజ్డ్ టు సెండ్ మీ మనీ" అని రాస్తే, పాపం పంపుతున్న కొడుకును పంపనివాడిని చేసినట్టే.

కొడుకుల మాట వచ్చింది కాబట్టి ఇంటి ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు ఇన్లాండు కవర్లు పోయి వాట్సాప్ వచ్చింది. పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. తెలుగు అక్షరాలు ఫోనులో కొట్టడం రాక మనం ఇంగ్లీషులో రెండు ముక్కలు పంపుతాం. "ఫాదర్ వాజ్ అన్‌వెల్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులు నలత చేసింది, ఇప్పుడు తేరుకున్నారు. "ఫాదర్ హాజ్ బీన్ అన్‌వెల్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులుగా బాగాలేదు, ఇంకా మంచం మీదనే ఉన్నారు. అర్ధరాత్రి ఆ ముక్క చదివిన కొడుకు నిద్రపోవాలా, విమానం టికెట్టు చూడాలా? వాజ్ అన్నామా, హాజ్ బీన్ అన్నామా అన్నదాన్ని బట్టే ఉంటుంది. తేరుకున్న మనిషి కోసం అబ్బాయిని హడావిడిగా రప్పించడం ఒక కష్టం. రావలసినప్పుడు రాలేకపోవడం అంతకంటే పెద్ద కష్టం.

ఇంకొక మాట. అమెరికాలో పెరిగే మనవడు "తాతా, ఐ ఆల్రెడీ ఏట్" అంటే, "హావ్ ఈటెన్ అనాలిరా" అని దిద్దకండి. ఆల్రెడీ, జస్ట్, యెట్ లాంటి మాటలతో అమెరికా వాళ్ళు ఉత్త భూతకాలమే వాడతారు. మనం చదువుకున్నది బ్రిటిష్ పద్ధతి. వాడి చోట వాడిదీ సరైనదే. అన్నం తిన్నాడు, మనకు కావలసింది అదే.

చివరగా ఒక నమూనా అర్జీ చదువుతాను. కావలసినవారు తేదీలు మార్చుకుని వాడుకోవచ్చు.

"ఐ రిటైర్డ్ ఫ్రమ్ సర్వీస్ ఆన్ 30-6-2008. ఐ సబ్మిటెడ్ మై లైఫ్ సర్టిఫికెట్ ఆన్ 10-1-2024. ఐ రిసీవ్డ్ మై పెన్షన్ అప్‌టు ఫిబ్రవరి 2024. ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ఇట్ సిన్స్ దెన్. వెన్ ద పేమెంట్ వాజ్ స్టాప్డ్, ఐ హాడ్ ఆల్రెడీ సబ్మిటెడ్ ద సర్టిఫికెట్. ఐ రిక్వెస్ట్ యూ టు రిలీజ్ ద అరియర్స్."

ఆరు వాక్యాలు. మొదటి మూడూ ముగిసిపోయిన సంగతులు, వాటి తేదీలు వాటికి ఉన్నాయి. నాలుగవది ఇవాళ్టికీ తీరని సంగతి, అందుకని హావ్. ఐదవది రెండు సంగతుల్లో ఏది ముందో చెప్పేది, అందుకని హాడ్. ఆరవది ఇప్పుడు అడుగుతున్నది, దానికి భూతకాలంతో పని లేదు. "మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ" అని అర పేజీ దండాలు పెట్టడం కంటే ఈ ఆరు వాక్యాలు ఆఫీసులో త్వరగా నడుస్తాయి.

మిత్రులారా, మనం ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎదుటివాడు తెచ్చిన కాగితం మనం చదివేవాళ్ళం. మాట అర్థం కాకపోతే పిలిచి అడిగేవాళ్ళం. ఇప్పుడు మన కాగితం ఎక్కడో, మన ముఖం తెలియని వాళ్ళు చదువుతున్నారు. మనం పక్కన నిలబడి "నా ఉద్దేశ్యం అది కాదయ్యా" అని చెప్పలేం. కాగితమే చెప్పాలి. కాబట్టి రాసిన తరువాత ఒకసారి క్రియల కింద గీత గీసి చూసుకోండి. ఒంటరిగా రాయలేని అక్కచెల్లెళ్ళకు, చూపు ఆనని పెద్దలకు చదువుకున్న సభ్యులు ఈ ఒక్క సాయం చేయండి. సంఘం తరఫున నెలకొక రోజు అర్జీలు చూసిపెట్టే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి నా విజ్ఞప్తి. ఆ రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చోవడానికి నేను సిద్ధం.